సంగమ్మ చిగుళ్లు

ఆ మిక్సీ జెర బంద్ చెయ్యి నిషితా. ఆ పప్పన్నాన్ని ఎన్నిసార్లు తిప్పుతవ్ బిడ్డా? పోరనికి తొమ్మిది నెలలు నిండినై, ఇంకా నీళ్ల లెక్కనే పోస్తున్నవ్. ఏందీ, డాక్టరమ్మ గూడ పలుకులుగ పెట్టుమన్నదా? మరింకేంది? భయమైతున్నదా. అయితది, ఎందుకు కాదు. మీ అత్త, అదే నా కోడలు అరుణను అడుగు, నీ మొగడు వంశీని సాదేటప్పుడు ఆమె పడ్డ భయం ఇంతంత గాదు. మా అమ్మ ముచ్చట నీకు చెప్పిందో లేదో. సంగమ్మ. గా ఫొటోల బొట్టు పెద్దగున్నదే, ఆమె. మల్లన్న దేవుని దగ్గరికి పోయి ఇరవై ఐదేండ్లాయె.

అప్పుడు మన ఇంద్రేశంల ఇన్ని ప్లాట్లు యాడివి, ఈ గల్లీ దాక జొన్న చేనే. అరుణ పటాన్‌చెరుల మందు గోళీలు ప్యాకింగ్ జేసే కంపెనీకి పోతుండె, కాన్పుకని బందైంది. వంశీగానికి ఏడో నెలల ఒకనాడు అన్నం మెతుకు పెట్టింది. వాడు ఓక్‌మన్నడు, మొకం ఎర్రగైంది. అంతే, ఆమె పానం పోయినంత పనైంది. ఆ దినం నుంచి జావను గుడ్డల వడగట్టి పోసుడే. "పండ్లే రాలే, ఏంతోని నములుతడు" అంటుండె. మేం గూడ నిజమే గదా అనుకున్నం. పదకొండో నెల అచ్చింది. అంగన్‌వాడీల తరాజుకు ఏలాడదీస్తే, పోయిన నెల కంటె పావుకిలో తక్కువ. టీచరమ్మ ఏం కోప్పడలే, కార్డు మీద గీత కిందికి గీసిచ్చింది. అరుణ గా కార్డు పట్టుకొని అచ్చి అరుగు మీద కూసొని ఏడ్సింది. గట్టిది పెడితే గొంతుకు పడ్తదని భయం, పెట్టకపోతే పోరడు కరిగిపోతున్నడు.

మా అమ్మ పళ్లెం తెచ్చుకున్నది. పళ్లెం పెట్టుకుంటే తొలి ముద్ద మల్లన్నదని పక్కకు పెట్టుడు ఆమె అలవాటు. ఆ దినం గూడ పెట్టింది. పోరన్ని సక్కగ కూసోబెట్టి, ఎదురుంగ తను కూసున్నది. పప్పుల నానిన జొన్నరొట్టె తుంటను రెండేళ్ల నడుమ ఒత్తింది. "గిట్ల నలిగింది చిగుళ్ల నడుమ గూడ నలుగుతది పిల్లా. పల్లీలు, పుట్నాలు మాత్రం వద్దు" అన్నది. అని, నోరు ఇంత పెద్దగ తెరిచి చూపింది. ఒక్క పన్ను లేదు. "నాకేడున్నయే? నేను తింటలేనా?" పదేండ్ల సంది మా ముంగటనే రొట్టె తింటున్నది బిడ్డా, మా ఒక్కరికన్న తట్టలే.

ఇగ దవడలు గిట్ల గిట్ల ఆడిస్తూ పోరని మొకంల మొకం పెట్టి నమిలింది. వాడు ఆ నోటి దిక్కే సూసిండు. జెరసేపటికి నోట్లె ఏం లేకున్నా వాని దవడ గూడ ఆడింది. అప్పుడు పెట్టింది. వాడు మళ్ల ఓక్‌మన్నడు. అరుణ దుంకింది ఎత్తుకోనీకె. మా అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "సప్పుడస్తున్నది గదా. అంటే వాడే సదురుకుంటున్నడు. సప్పుడు బందైతేనే భయం. అప్పుడు నేనే బోర్లేసి ఈపుల సరుస్త." వాడు తుంటను బయటికి నూకి, మళ్ల లోపలికి తీస్కొని, మింగిండు. మళ్ల నోరు తెరిచిండు.

రెండు నెలలకు గీత మీదికెక్కింది. అరుణ మళ్ల కంపెనీకి పోయింది. మా అమ్మది, పోరనిది ఒకటే పళ్లెం. వానికి పండ్లన్నీ అచ్చినంక గూడ వాడు ఆమె ముంగటనే తిన్నడు. మూడేండ్లుంటయి వానికి, ఒకనాడు పొద్దుగాల తొలి ముద్ద పక్కకు పెట్టి, ముసలవ్వ లేస్తదని సూస్కుంట కూసున్నడు. రొట్టె నాని నాని విరిగిపోయింది, ఆమె లేవలే, వాడు తినలే.

…

అగో, నీ కొడుకు నా నోటి దిక్కే సూస్తున్నడు. ఆ గిలాస ఇటియ్యి, నా కట్టుడు పండ్లు తీసి అందుల ఏస్త. ఇగ పళ్లెం తే బిడ్డా. నేను ఎదురుంగ కూసుంట.