‘కిక్కిస’లో ఈల: మెర్సీ గారి పదవీ విరమణ వేళ

1993 ఆగస్టు 2న మన నాదతీరం రికార్డింగ్ సంస్థలో సహాయ ఇంజనీరుగా చేరిన శ్రీమతి మెర్సీ గారు, ఈ ఏడాది జూన్‌లో ఒక ఉదయం, ప్రధాన ఇంజనీరు కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆవిడ చుట్టూ అందరూ తీగలు పీకుతున్నారు. ఏసీ ఆపారు. ఫ్యాన్లు ఆపారు. రోడ్డవతల చేపల చెరువులో గాలి కొట్టే ఏరేటర్లు ఆపించడానికి ఒకరు పరుగెత్తారు. తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన వయొలిన్ విదుషి రామలక్ష్మి గారు కమాను ఒడిలో పెట్టుకుని, "ఇంకా వస్తోందండీ" అన్నారు.

సన్నటి ఈల. సూదిలా చెవిలో దిగే ఈల.

మన సంస్థలో దానికి అప్పటికే ఒక పేరుంది. ఏడాదిన్నరగా దాన్ని అందరం ‘రూబెన్ ఈల’ అంటున్నాం. కానీ ఆ ఉదయం శాక్సఫోన్ వాయించే రూబెన్ గారు స్టూడియోలోనే కాదు, ఏలూరులోనే లేరు.

అక్కడ ఆగి, మెర్సీ గారి ప్రస్థానాన్ని స్మరించుకోవడం న్యాయం. ఆవిడ చేరేనాటికి మనది పాత బియ్యం గోదాము. పలికిన ప్రతి స్వరాన్నీ గోడలు తిరిగి మొహాన కొట్టేవి. ఏలూరు తివాచీలు నేసే తాహిర్ గారిని పిలిపించి, గదిలో నాలుగు మూలలా చప్పట్లు కొట్టి చూసి, ఏ గోడకు ఎంత మందం తివాచీ కావాలో నిర్ణయించింది మెర్సీ గారే. ఈనాటికీ మన స్టూడియో ఆ ఊలు గోడల మధ్యే ఊపిరి పీలుస్తోంది. క్యాసెట్ పోయి సీడీ వచ్చినా, సీడీ పోయి ఫోన్లలో పాట వచ్చినా, ఆవిడ పద్ధతి మారలేదు. 2004లో ప్రధాన ఇంజనీరు అయ్యారు. కర్ణాటక సంగీతంతో మొదలైన మన జాబితాలోకి జాజ్‌ను తెచ్చిందీ ఆవిడే. చర్చి బ్యాండులో శాక్సఫోన్ ఊదుతున్న రూబెన్ అనే యువకుణ్ణి విని, మరునాడే స్టూడియోకి రమ్మన్నారు.

ఆవిడ చెవి గురించి ఒక్క సంఘటన చెప్పాలి. ఒక పెద్దాయన వేణువు రికార్డింగు. రాగం అద్భుతంగా సాగుతోంది. మెర్సీ గారు ఆపించారు. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ ఆపించారు. విద్వాంసుడికి కోపం వచ్చి, తప్పేమిటో చెప్పమన్నారు. ఆవిడ తలుపు తీసి లోపలికి వెళ్ళి, చేతులు కట్టుకుని, "అయ్యగారూ, తమరి చేతి గడియారం ఆది తాళంలో కొట్టుకోవట్లేదండీ" అన్నారు. ఆయన పకపకా నవ్వి గడియారం విప్పి ఆవిడకే ఇచ్చేశారు. అది ఇప్పటికీ మన అల్మరాలో ఉంది.

ఆ ఖ్యాతి నుంచే ఒక ఆచారం పుట్టింది. రికార్డింగు జరిగేటప్పుడు మెర్సీ గారు కంప్యూటర్ తెర మీద తెల్లటి తువ్వాలు కప్పేవారు. శబ్దాన్ని గీతలుగా చూస్తే చెవి బద్ధకిస్తుందని ఆవిడ నమ్మకం. వాద్యం ఆగగానే అందరూ ఆవిడ వైపు చూసేవారు. ఆవిడ తల ఊపితే అయినట్టు. ఊపకముందు బాగుందని గానీ బాగులేదని గానీ ఎవరూ అనకూడదు. ఊపాక అసలే అనకూడదు.

ఇక ‘కిక్కిస’. కొల్లేటి రెల్లు పేరు పెట్టుకున్న ఆ ఆల్బమ్‌లో రామలక్ష్మి గారి వయొలిన్, రూబెన్ గారి శాక్సఫోన్. చారుకేశి రాగంలో ఆవిడ ఆలాపన ముగిసే చోట ఆయన జాజ్ అందుకుంటారు. కొల్లేటి మీద తెల్లవారుతున్నట్టుంటుంది. రూబెన్ గారు ఆ ఒక్క ఆల్బమ్‌ను నమ్ముకుని చేస్తున్న ఉద్యోగం మానేశారు. వీడియో కూడా తీశాం. అన్ని పాటలకూ మెర్సీ గారు తల ఊపారు. ఆల్బమ్‌ను విడుదల చేయాల్సిన చెన్నై ప్రచురణకర్తలు మాత్రం వెనక్కి పంపారు. మొదటినుంచి చివరిదాకా ఈల ఉందన్నారు. మన డైరెక్టర్ పాండురంగారావు గారికీ నాకూ వయసు రీత్యా అంత సన్నటి శబ్దం అందదు. ఆయన మెర్సీ గారిని అడిగారు. ఆవిడ కాసేపు ఆలోచించి, శాక్సఫోన్ మూతిలో ఉండే రెల్లు పలక, రీడ్, పలుచబడి ఈల వేసి ఉంటుందన్నారు. ఈల కూడా శాక్సఫోన్ వైపు నుంచే వస్తోందని చెన్నై వాళ్ళన్నారు. ఇక విచారణ ఎందుకు?

మెర్సీ గారి మాట కచేరీల వాళ్ళందరికీ చేరింది. రూబెన్ గారు నాలుగు కొత్త రీడ్లు కొన్నారు. ఎదుటివాళ్ళు నమ్మలేదు. కొన్నాళ్ళకు తన ఊపిరి మీద ఆయనకే నమ్మకం పోయింది. వాద్యం పెట్టెలో పెట్టి, కైకలూరులో చేపలకు ఐసు కొట్టే షెడ్డులో పనికి కుదిరారు.

మళ్ళీ జూన్ ఉదయానికి వద్దాం. రామలక్ష్మి గారి సోలో ఆల్బమ్‌కు వీడియో తీస్తున్నాం. ఏరేటర్లు ఆగాయి. ఈల ఆగలేదు. అప్పుడు సహాయ ఇంజనీరు తేజశ్రీ, మన సంస్థలో ఎవరూ ఎన్నడూ చేయని పని చేసింది. తెర మీది తువ్వాలు తీసేసింది. గీతల మధ్య ఈల నిటారుగా నిలబడి ఉంది. తేజశ్రీ ఒక్కొక్క స్విచ్చే ఆపుతూ పోయింది. వీడియో దీపాలు ఆపగానే గీత మాయమైంది. శాక్సఫోన్ వాయించేవారు కూర్చునే చోట, తివాచీ వెనక, ఆ దీపాలకు కరెంటు ఇచ్చే చిన్న పెట్టె దొరికింది. వీడియో ఉన్నప్పుడే వెలుగుతుంది. వెలిగితేనే కూస్తుంది. ‘కిక్కిస’ రోజునా వెలిగింది.

ఇదంతా అప్పుడే వినపడలేదా అని పాండురంగారావు గారు గద్దించారు. రామలక్ష్మి గారు వినపడిందని, రీడేమో అనుకున్నానని చెప్పారు. తేజశ్రీ తల వంచుకుని, "నాకూ వినపడిందండీ. మేడమ్ తల ఊపారు కదా, నా హెడ్‌ఫోనే పాడైందనుకున్నాను" అంది.

పాండురంగారావు గారు పెట్టెను బల్ల మీద పడేసి, దొంగ దొరికాడు, కాఫీ తెప్పించండి అన్నారు. అందరి మొహాల్లోనూ ప్రాణం వచ్చింది. మెర్సీ గారు మాత్రం రూబెన్‌కు ఫోన్ చేసి రమ్మనమన్నారు. అతను వచ్చేదాకా ఎవరూ వెళ్ళవద్దన్నారు.

కైకలూరు నుంచి ఆయన వచ్చేలోగా నా ధర్మం నెరవేర్చుకుంటాను. ఆ తర్వాత ఇంకేం రాసినా అతకదు. ‘కిక్కిస’ను తేజశ్రీ మళ్ళీ రికార్డు చేసింది, ఈ సభలోనే విడుదలవుతోంది. రూబెన్ గారి వేళ్ళకు పూర్వపు వేగం ఇంకా రాలేదు, రెండు పాటలు వదిలేయాల్సి వచ్చింది. వస్తుందో రాదో ఆయనకూ తెలియదు. మెర్సీ గారు ఆ రికార్డింగుకు లోపలికి రాలేదు, బయట అరుగు మీద కూర్చున్నారు. కుమార్తె షారోన్ గారి పోరు వల్ల చెవికి యంత్రం పెట్టించుకున్నారు. సన్నటి స్వరాలు దూరమైనా బొంగురు స్వరాలు ఇంకా దగ్గరే ఉన్నాయట. కొల్లేటి గట్టున గూడబాతుల గురగుర వినిపిస్తుందట. ఆ గురగుర వింటూ ఆవిడ చిరకాలం ఆరోగ్యంగా ఉండాలనీ, రాత్రిళ్ళు ఆవిడకు నిద్ర పట్టాలనీ, మనందరి పక్షాన భగవంతుణ్ణి ప్రార్థిస్తున్నాను.

రూబెన్ గారు మధ్యాహ్నానికి వచ్చారు. చొక్కా ఐసు నీళ్ళతో తడిసి ఉంది. తివాచీలు పాడవుతాయని గుమ్మంలోనే నిలబడ్డారు. పాండురంగారావు గారు పెట్టె చూపించి, తప్పు ఆయనది కాదనీ, అంతా ఈ దీపాలదేననీ చెప్పబోయారు. మెర్సీ గారు లేచారు.

"డైరెక్టర్ గారూ, మీరు కూర్చోండి. అది కూస్తుందండీ, దానికి నోరుంది. వినాల్సింది నేను." ఆవిడ గుమ్మం దాకా నడిచి వెళ్ళారు. "రూబెన్, ‘కిక్కిస’కు ముందే డాక్టరు చెప్పాడు, నా చెవికి పైస్థాయి పోయిందని. ఆ రోజు నాకు ఏ ఈలా వినిపించలేదయ్యా. వినిపించలేదని చెప్పడానికి సిగ్గేసి, నీ రీడ్ అన్నాను."

రూబెన్ గారు గోడ వైపు తిరిగి, తాను కూర్చునే చోటు చూస్తున్నారు. ఎవరో, దీపాలదే తప్పని మళ్ళీ సణిగారు.

మెర్సీ గారు మా అందరి వైపూ తిరిగారు. వినపడని వాళ్ళు ఎక్కువ గట్టిగా మాట్లాడతారు. ఆ గదిలో ఆవిడ గొంతు అంత గట్టిగా మేం ఎన్నడూ వినలేదు.

"దీపం కాదండీ. రూబెన్ కాదు. దోషి పేరు మెర్సీ."