రైలు పెట్టెలో నేను గెలిచిన కేసు

సభను నడిపిస్తున్న ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీది పెద్దలకు, నాకు మార్కులు వేసిన అధ్యాపకులకు, వేయని అధ్యాపకులకు, ముందు వరసలో కూర్చున్న పుష్పమ్మ గారికి, ధర్మవరం నుంచి, పెనుకొండ నుంచి పాసింజరు బండిలో ఈ హిందూపురం వచ్చి నాతోపాటు చదువుకున్న పాత మిత్రులకు, ఇన్ని శాలువాల కింద ఉక్కపోతతో కూర్చున్న మా చంద్రమోహన్ సారుకు నమస్కారం.

నన్ను అయిదు నిమిషాలే మాట్లాడమన్నారు. వకీలును పిలిచి అయిదు నిమిషాలు అనడం, అల్లుణ్ణి విందుకు పిలిచి మజ్జిగతో సరిపెట్టడం లాంటిది. (నవ్వులు) తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, నా పేరు మరియమ్మ. తొంభై ఆరులో ఈ కళాశాలలో బి.ఏ. పూర్తి చేశాను. ఇప్పుడు పెనుకొండ కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను.

సారు మాకు అమెరికా రాజ్యాంగం చెప్పేవారు. తరగతి గదిలో చెప్పింది తక్కువ, బండిలో చెప్పింది ఎక్కువ. మేము ధర్మవరంలో ఎక్కితే ఆయన పెనుకొండలో ఎక్కేవారు. కూర్చోగానే ‘కోర్టు మొదలు’ అనేవారు. అమెరికా సుప్రీంకోర్టు కేసో, రాజ్యాంగ సవరణో ఒకటి చెప్పి, రెండు చీటీలు మడిచి, ఎవరికి ఏ వైపు వస్తే ఆ వైపు వాదించమనేవారు. మనకు నచ్చిన వైపు కాదు, చీటీలో వచ్చిన వైపు. జడ్జీలు ఎవరంటే, ఎదురు సీట్లలో కూర్చున్న ప్రయాణికులే. హిందూపురం రాకముందే తీర్పు రావాలి. బండి ఆలస్యమైతే మాత్రం అప్పీలు కూడా వినేవాళ్ళం. (నవ్వులు)

అవి మన రాష్ట్రంలో మద్యం బంద్ చేసిన రోజులు. అమెరికావాళ్ళు కూడా ఒక సవరణతో మద్యాన్ని నిషేధించి, ఇంకో సవరణతో ఆ నిషేధాన్ని కొట్టేసుకున్నారని సారు చెప్పారు. తాగుడు పేరెత్తితేనే మొహం తిప్పుకునే మన బాలాజీకి, నిషేధం ఎత్తేయాలనే చీటీ వచ్చింది. లేచి నిలబడి, ‘ఆడ రాజ్యాంగంలోనే రాసుకొని కూడా పద్నాలుగేండ్లకు ఎత్తేసినారు. మనకు కూతవేటు దూరంలో కర్ణాటక ఉండాది, ఈడ ఎన్నాళ్ళు నిలుస్తాది సార్?’ అన్నాడు. పెట్టె మొత్తం ఏకగ్రీవంగా వాడి పక్షాన తీర్పు చెప్పింది. మరి రెండేళ్ళు గడిచేసరికి మనవాళ్ళూ ఎత్తేశారు. బాలాజీ ఇప్పుడు ఎక్సైజు శాఖలో ఉన్నాడు. అదిగో, వెనక తల దాచుకుంటున్నాడు చూడండి. (నవ్వులు)

ఇక నా కేసు చెబుతాను. దీన్ని నవ్వుతూ చెప్పడం నాకు ఇంకా చేతకాదు.

అమెరికాలో అంతర్యుద్ధం అయ్యాక మూడు సవరణలు వచ్చాయి. ఒకటి బానిసత్వాన్ని తీసేసింది, ఒకటి చట్టం ముందు అందరూ సమానమంది, మూడోది నల్లవాళ్ళకు ఓటు హక్కు ఇచ్చింది. అంతా రాజ్యాంగంలో రాసుకున్నాక కూడా ఒక రాష్ట్రం, రైళ్ళలో తెల్లవాళ్ళకు ఒక పెట్టె, నల్లవాళ్ళకు ఒక పెట్టె అని చట్టం చేసింది. ఒకాయన తెల్లవాళ్ళ పెట్టెలో కూర్చుని అరెస్టయ్యాడు. కేసు సుప్రీంకోర్టుకు పోతే, వసతులు సమానంగా ఉన్నప్పుడు వేరుగా కూర్చోబెట్టడం తప్పు కాదని తీర్పు వచ్చింది. ఒక్క న్యాయమూర్తి మాత్రం ఒప్పుకోలేదు. బడుల్లో నల్లపిల్లల్ని వేరుగా ఉంచిన కేసులో ఆ మాట తప్పని అదే కోర్టు అనడానికి యాభై ఎనిమిదేళ్ళు పట్టింది.

ఆ రైలు కేసు మా రైల్లోకి వచ్చిన రోజున, వేరుగా ఉంచడం తప్పు కాదని వాదించే చీటీ నాకు వచ్చింది.

మాది ధర్మవరం దగ్గర ఒక పల్లె. మా వీధి ఊరికి అవతల ఉంటుంది. మా అవ్వ బావి దగ్గర పడిన మాటలు, మా నాయన రచ్చకట్ట దగ్గర పడిన మాటలు వింటూ పెరిగిన దాన్ని. నాకు వాదన కొత్తగా వెతుక్కునే పని లేకపోయింది. మా ఊరి పెద్దలు మాతో అన్న మాటలే అన్నాను. ‘అదే ట్యాంకు, అవే నీళ్ళు. మీ వీధిలో మీకు కుళాయి వేయిస్తిమి గదా, ఇంగ మీకొచ్చిన నష్టమేంది? ఎవురి తావున వాళ్ళుంటే కొట్లాటే ఉండదు గదా?’ అన్నాను. ఎంత బాగా అన్నానంటే, ఎదురు సీటాయన తొడ మీద చరిచి ‘పాప చెప్పేది న్యాయమేనబ్బా’ అన్నాడు.

కేసు గెలిచాను. పెట్టెలో ఒకే ఒక్క మనిషి ఒప్పుకోలేదు. ధర్మవరం పట్టుచీరల వ్యాపారి చిన్నస్వామి గారు. మూట మీద చెయ్యేసుకుని ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు. ‘ఒకే మగ్గం మీద నేసిన చీరలు రెండుండాయి పాపా. ధరొకటే, జరీ ఒకటే. ఒకదాన్ని తీసి దీన్ని ఎవురూ ముట్టుకోవద్దని పక్కన పెడితే, కొనేటోడు దాంట్లో మరకుండాదనే అనుకుంటాడు. మరక చీరలో లేదు తల్లీ, పక్కన పెట్టడంలో ఉండాది.’ ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు. బండి హిందూపురం చేరింది. సారు దిగుతూ, ‘బాగా వాదించినావమ్మా’ అన్నారు.

సార్, ఆ రోజు నేను అన్నం తినలేదు. మా నాయన పడిన మాటలే నా నోటితో అని, చప్పట్లు కొట్టించుకున్నాను. మీ మీద నాకు చాలా కోపం వచ్చింది. ఆ ఏడాదంతా మీరు పెనుకొండలో ఎక్కే పెట్టె వదిలి వేరే పెట్టెలో కూర్చున్నాను. నేనెందుకు రావడం లేదని మీరు ఒక్కసారి కూడా అడగలేదు. ఇంతమంది పెద్దల ముందు, సన్మానం రోజున ఈ మాట అనకూడదేమో. కానీ అందరూ ఒకే మాట మాట్లాడే సభలో భిన్నాభిప్రాయం చెప్పడం మీరు నేర్పిందే.

ఇప్పుడు సంగతి వేరే. సారు ఊళ్ళో ఒక హోటలు ఉంది. అక్కడ కొందరికి స్టీలు గ్లాసులో టీ ఇస్తారు, కొందరికి ప్లాస్టిక్ కప్పులో ఇస్తారు. ఎవరికి ఏదో ఊరందరికీ తెలుసు. మా వీధి లాంటి వీధిలోనే ఉండే రామప్ప అనే గొర్రెల కాపరి ఒక పొద్దున స్టీలు గ్లాసులో పోయమన్నాడు. మెడ పట్టి బయటికి తోశారు. రామప్ప తరఫున నేను చూస్తున్న ఆ కేసు పెనుకొండ కోర్టులో ఉంది. విచారణలో ఉన్న విషయం గనుక పత్రికల్లో వచ్చిన దానికి మించి చెప్పను. ఆ పొద్దున హోటల్లో ఉన్నవాళ్ళందరూ, మేము పేపరు చదువుకుంటున్నాం, ఏమీ చూడలేదన్నారు. అక్కడ అంత చదువు ఉందని నాకు అప్పుడే తెలిసింది. (నవ్వులు)

ఒక్కరు మాత్రం మా ఆఫీసుకు వచ్చి, ‘నేను చూసినాను మరియమ్మా, సాక్ష్యం చెప్తాను’ అన్నారు. చంద్రమోహన్ సారు. ఆ హోటలు సారు భార్య పుష్పమ్మ గారి తమ్ముడిది. అమ్మా, మీ ఇంట్లో పొయ్యి దగ్గర ఈ నెలంతా ఎలా గడిచి ఉంటుందో నేను ఊహించగలను. అయినా ఇవ్వాళ మీరు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. మీకు చేతులెత్తి మొక్కుతున్నాను.

ఆ రోజే సారును అడిగాను, ఆ చీటీ నాకు కావాలనే ఇచ్చారా అని. ‘లేదమ్మా, వచ్చింది. కానీ అది నీ చేతిలో పడినప్పుడు మార్చాలని నాకు తోచలేదు. తోచకపోవడమే నా తప్పు’ అన్నారు. నాకు కోపం పూర్తిగా పోయిందని చెప్పను, అబద్ధమవుతుంది. కానీ అవతలి వకీలు కోర్టులో ఏం వాదిస్తాడో నాకు అక్షరం పొల్లు పోకుండా తెలుసు. ప్లాస్టిక్ కప్పు ప్రతిసారీ కొత్తది, స్టీలు గ్లాసు కన్నా శుభ్రం, ఇంక నష్టమేమిటి అంటాడు. దానికి జవాబు సిద్ధంగా ఉంది.

జవాబు సిద్ధంగా లేనిది ఒక్కటే. సారును బోనులో నిలబెట్టి ఆ వకీలు ఇలా అడుగుతాడు: ‘మాస్టారూ, మీరు ఎన్నో ఏళ్ళుగా ఆ హోటల్లో స్టీలు గ్లాసులోనే టీ తాగుతున్నారు. పక్కన ప్లాస్టిక్ కప్పులు మీకు కనపడలేదా? అప్పుడు ఒక్కసారైనా నోరు తెరిచారా?’ ఈ ప్రశ్న వస్తుందని సారుకు చెప్పాను. సార్, దానికి జవాబు నేను నేర్పకూడదు, నేర్పను కూడా. నిజం ఏదైతే అది చెప్పండి. అది మీకు తలవంపు అయినా సరే, రామప్పకు బలమే అవుతుంది.

ఈ సభకు పిలిచిన మిత్రులకు, ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. సార్, మీరు చదువు చెప్పినందుకు, చీరల వ్యాపారి నోట ఆ మాట వినిపించిన ఆ కోర్టును బండిలో నడిపినందుకు మీకు నా నమస్కారం. నిన్న సాయంత్రం రామప్ప మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని, ‘అంత పెద్ద సారు, సొంత బామ్మర్ది మీద, మా కోసరం వస్తాడంటావాక్కా?’ అని అడిగాడు. వస్తాడన్నాను. వకీలుగా ఎవరికీ అలాంటి మాట ఇవ్వను సార్, మీ విద్యార్థిగా ఇచ్చాను. సోమవారం పదిన్నరకు కోర్టు. సెలవు.