రెండో జాయ్‌స్టిక్

కొత్త గేం పెట్టె కొంటే లోపల ఒక్క జాయ్‌స్టిక్కే ఎందుకు పెడతారో మీలో ఎవురికైనా తెలుసా? త్యాగరాజన్ మామా, నలభై ఏండ్లుగా ఈ టీ అంగడి నడుపుతా ఉండావు, లోకం చూసినోడివి, నువ్వు చెప్పు. నవీనూ, యానాం నించి ఇంత దూరం వచ్చి చదువుకుంటా ఉండావు, మా మేడ మీద నీ గదిలో లైటే ఆరదు, నువ్వు చెప్పు. వెట్రివేలన్నా, నిన్ను అడగలే. నువ్వు నీ ఫోన్ ఆటలో తుపాకీ కాల్చుకుంటా ఉండు.

"రెండోది విడిగా కొనుక్కోవచ్చు కదా మలరక్కా, అందుకేమో," అన్నాడు నవీన్.

అదే, ఎందుకు విడిగా? నా చిన్నప్పుడు సండే మార్కెట్లో అమ్మ బేరమాడి తెచ్చిన డూప్లికేట్ పెట్టెలో గూడా రెండుండె! పసుప్పచ్చ క్యాసెట్టు, మీద తొమ్మిది వేల ఆటలని రాసుంటాది, లోపల చూస్తే ఏడు. మోసమే, ఒప్పుకుంటా. ఆ మోసగాడు గూడా రెండు జాయ్‌స్టిక్కులు పెట్టినాడు మామా. ఇప్పుడు పెద్ద పెద్ద కంపెనీలు ఒక్కటే పెడతాయి. అంటే ఏంది? నీ పక్కన కూర్చునేదానికి ఎవురూ రారని వాళ్ళకి ముందే తెలుసు.

నేను ఊరుకుంటానా? సేదరపేట్ ఫ్యాక్టరీలో మొదటి బోనస్ రాంగానే పెట్టె కొన్నా, దాంతోపాటే రెండోదీ కొన్నా. నాలుగేండ్లాయె. ఇదిగో, ఈ బెంచీ మీద ఉండేది అదే పెట్టె. ఈ పొద్దు నవీన్‌కి ఇచ్చేస్తా ఉండా, వాళ్ళ గదిలో ముగ్గురుండారు. ఎత్తుకుపోయే ముందు ఇది ఏమేం చేసిందో విని పోవాల గదా?

"చెప్పు చెప్పు, పాలు కాగేలోపల అయిపోవాల," అన్నాడు మామ.

మొదటి ఆదివారం పెద్దగా ఏం లే. నేనూ అన్నా పక్కపక్కన కూర్చొని కారు రేసు ఆడినాం, మొదటి స్టేజీ ఒక్క దెబ్బ తగలకుండా దాటినాం. అంతే, ఎవురైనా దాటతారు. రెండో ఆదివారం యాభై స్టేజీలు. రెండో జాయ్‌స్టిక్కు అన్న చేతిలో ఉండాది, ఒక్కో మలుపు తిప్పినప్పుడల్లా గోడ మీద టీవీ జానెడు పక్కకి జరుగుతా ఉండాది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కరెంటు పోయె.

"అయిపోయె," అన్నాడు మామ.

యాడ అయిపోయె? వీధంతా ఆరిపోయె, మా టీవీ ఆరలే. కారు అంత వేగంగా పోతా ఉంటే కరెంటు పోయిందని దానికి ఎవురు చెప్పాల? గంటన్నర నడిచింది. ఆ వెలుగు కిటికీలోంచి పోయి సముద్రం మీద పడె, సోలై నగర్ జాలరోళ్ళ పడవలు లైట్‌హౌస్ అనుకొని నేరుగా మా వీధి మొగకి వచ్చి నిలబడినాయి. దారి చూపించినందుకు వాళ్ళు ఇచ్చిన వంజిరం చేపలు మూడు రోజులు తిన్నాం.

"నాకొక ముక్క పంపలేదే?"

నువ్వా వారం ఊళ్ళో లేవు మామా, అడ్డం రావద్దు. ఆడి మాసంలో వీరాంపట్టినం గుడి తేరు సంగతి వినండి. లాగేటప్పుడు వడం తాడు తెగిపోయె, అంత జనమూ చేతులు కట్టుకొని నిలబడిపోయినారు. అన్న ఏం చేసినాడు? పరుగున ఇంటికొచ్చి ఈ పెట్టె వైరు పీకి తీసుకుపోయి తేరుకి కట్టినాడు. నేను ఇంట్లో కూర్చొని యాక్సిలరేటర్ నొక్కినా. తేరు కదిలింది! అయితే నా వేలు కొంచెం గట్టిగా పడె, వీధులన్నీ తిరిగి నాలుగు నిమిషాల్లో మొదలైన చోటికే వచ్చేసె. పూజారి అప్పటికింకా కొబ్బరికాయ పైకెత్తి ఉండాడు, కొట్టనే లే.

"వైరు పీకేస్తే బటన్ ఎలా పనిచేసిందక్కా?"

నవీనూ, ప్రశ్నలు చివర్లో! మూడో నెల ఆ ఆట చేసినోళ్ళే జపాన్ నించి ఫోన్ చేసినారు. "అమ్మా మలరూ, కొంచెం నిదానంగా ఆడండి, మేము స్టేజీ కట్టేలోపలే మీరిద్దరూ దాటేస్తా ఉండారు, మా పనోళ్ళు ఇండ్లకి పోయి నెలాయె" అని ఏడుపు. అన్నకి జాలి ఎక్కువ, ఆ పొద్దు నించి ఒంటి చేత్తో ఆడినాడు. అయినా ఆట మొత్తం అయిపోయె. చివర తెర మీద మా ఇద్దరి పేర్లు పడినాయి, అదీ తెలుగు అక్షరాల్లో!

"నీకు తెలుగు చదవను రాదు గదా?"

ఆ పొద్దు వచ్చింది మామా! ముందు వెట్రివేల్ అని, కింద మలర్ అని. నమ్మకుంటే అన్ననే అడుగు. అన్నా, అవునా కాదా?

"ఊఁ," అన్నాడు అన్న. తల ఎత్తలే.

"అక్కా..." నవీన్ పెట్టె మూత తీసి చూస్తా ఉండాడు. గొంతు తగ్గించినాడు. "ఈ రెండోది ఇంకా కవర్లోనే ఉందే."

ఉంటాది. మా ఇంట్లో టీవీ రిమోట్‌కీ కవరే, సోఫాకీ కవరే. కవరు మీదనించే ఆడినాం.

"టేపు కూడా తీయలేదక్కా."

మామ నవ్వుతాడనుకున్నా. నవ్వలే. పాలు పొంగుతా ఉంటే అట్లనే చూస్తా నిలబడినాడు.

సరే. ఓడిపోయినా. మొదటి స్టేజీ ఒక్కటి నిజం. అదీ దీంట్లో గాదు, నాకు ఏడేండ్లప్పుడు, ఆ డూప్లికేట్ పెట్టెలో. నా కారు గుంటలో పడితే అన్న తన కారు ఆపి నాకోసం నిలబడేవాడు, తను ఓడిపోతాడని తెలిసి గూడా. ఇది కొన్న రోజు పిలిస్తే "ఒక్క నిమిషం" అన్నాడు. అప్పటినించి ఆదివారం ఆదివారం రెండు దిండ్లు వేసి కూర్చున్నా. తెర పై సగంలో నా కారు. కింది సగం నల్లగా ఉంటాది, "రెండో ఆటగాడు బటన్ నొక్కాలి" అని ఇంగ్లీషులో వెలుగుతా ఆరతా ఉంటాది. నాలుగేండ్లు అది చూసినా నేను. ఫోన్లో ముక్కూ మొగం తెలియని తొంభై మందితో ఆడతాడు మా అన్న, వాళ్ళలో ఒకడు చస్తే అయ్యో అంటాడు. పక్క దిండు మీద ఉండేది ఎవురో వాడికి తెలియదు.

"మలరూ, ఒక్క నిమిషం," అన్నాడు అన్న. "ఈ మ్యాచ్ అయిపోనీ."

విన్నారు గదా? నవీనూ, ఆ మూత మూయొద్దు, పెట్టె ఎత్తొద్దు. మామా, ఆ పొయ్యి ఆపు. ఆ టేపు నా చేత్తో నేను పీకను, నాలుగేండ్లుగా పీకలే. మీలో ఎవురో ఒకరు రండి. ఆ కవరు చించి, ఆ రెండో జాయ్‌స్టిక్కుని మా అన్న చేతిలో పెట్టండి.