దిగులుపడ్డ కుక్క

సభకు పెద్దగా కూర్చున్న సుబ్బరాజు గారికి, ముందు వరుసలోని పెద్దలకు, ఫెర్రీ దిగి ఈ చలిలో హాలు దాకా నడిచొచ్చిన స్నేహితులకు, సమోసాల బల్ల వదలకుండా నిలబడ్డ పిల్లలకు నమస్కారం.

సుబ్బరాజు గారు ఇందాక "విశాలాక్షి గారి చెయ్యి పడితే ఎంత చిరిగిన కాగితమైనా బాగుపడుతుంది" అన్నారు. అంత మాట అనకండి సార్, ముందు వినండి. ఇరవై రెండేళ్ళు ఇక్కడి మ్యూజియంలో పాత కాగితాలు బాగుచేసి, ఈ వారంతో రిటైరయ్యాను. మీ ఆవిడేం చేస్తుందని ఎవరైనా అడిగితే మా రాఘవులు గారు "అతుకులు వేస్తుంది" అనేవారు. (నవ్వులు)

ఆ కాగితాల్లో నాకు ప్రాణం నూట యాభై ఏళ్ళ కిందటి ఒక డచ్ చిత్రకారుడి సిరా బొమ్మలు. పెద్ద పేరున్నవాడేం కాదు. సంతలో కనపడ్డ ముఖాలు, వాటి పక్కనే మేకలు, పిల్లులు, గుర్రాలు. చేపలమ్మే ఆవిడ ముఖం నాలుగే గీతల్లో వేశాడు, చూసినప్పుడల్లా మా మేనత్తలా "ఏమే, తిన్నావా?" అని అడుగుతుందేమో అనిపించేది.

ఒక కాగితం మీద ముసలాయన ముఖం, కింద ఆయన్నే చూస్తున్న కుక్క. మీలో చాలామంది చూశారు. గోడ మీద "దిగులుపడ్డ కుక్క" అని రాసి ఉంటుంది. మన అనన్య అక్కడే కళ్ళు తుడుచుకుంది, కదమ్మా?

ఆ కుక్కకి దిగులేమీ లేదండీ. దానికి తోక ఉండేది.

నేను చేరిన మొదటి ఏడాది. సిరా తడికి కదులుతుందేమో ముందు ఓ మూల నీటి చుక్క వేసి చూడాలి, మా పనిలో మొదటి పాఠం అదే. తోకని ఆ చిత్రకారుడు పలచటి సిరాతో వేశాడు, నేను టీ మరక అనుకుని, ఏ మూలా చూడకుండా తడి దూదితో తుడిచేశాను. అప్పుడు ఈ దేశంలో ఉండిపోవడానికి నా పీఆర్ అప్లికేషన్ నడుస్తోంది, ఉద్యోగం పోతుందేమోనని నోరు మూసుకున్నాను. తర్వాత ఎవరో పెద్దాయన చూసి "పాపం, ఎంత దిగులు!" అన్నారు, గోడ మీద అదే రాశారు. పీఆర్ వచ్చింది, సిటిజన్‌షిప్ వచ్చింది, నాకు మాత్రం నోరు రాలేదు. సిగ్గుగా ఉంది.

సోమవారం నుంచి నా కుర్చీలో కూర్చోబోయే ఇషిత ఈ బొమ్మల మీద తన మొదటి పుస్తకం రాస్తోంది. మొన్న "ఆంటీ, ఆ కుక్క దిగులు మీదే ఒక చాప్టర్ రాశా" అని చదివి వినిపించింది. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. మర్నాడు పొద్దున మా మ్యూజియం డైరెక్టర్‌కి అంతా రాసిచ్చేశాను. ఇషితకి విడిగా చెబితే "పోనీలెండి ఆంటీ" అంటుంది, నేనూ హమ్మయ్య అనుకుంటాను, అందుకే ఇలా అందరి ముందు చెబుతున్నాను. ఇందాక మీరు కప్పిన ఈ శాలువా వెనక్కి ఇమ్మన్నా ఇస్తాను సుబ్బరాజు గారూ.

ఇషితా, ఇలా రా తల్లీ. ఈ డబ్బాలో ఆ దూది ఉంది. రంగు ఇంకా పోలేదు. నన్ను తిట్టాలంటే తిట్టు, కానీ ఆ చాప్టర్ మాత్రం అలా అచ్చు వేయకు.

(ఇషిత డబ్బా తెరిచి చూసి, మెల్లగా: "తోక ఎటువైపు ఉండేది ఆంటీ?")

ఎడమవైపుకి, తల్లీ. బాగా పైకెత్తి. ముసలాయన ఇంటికొచ్చాడు, అంతే.

ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక నాకు సెలవు.