ఆ చెయ్యి షాట్

విజయవాడ, బందరు రోడ్డు మీద ఓ హోటల్ గది. కెమెరా పెట్టడం అయింది, కూర్చోవాల్సిన పెద్దాయన, డైరెక్టర్ మల్లేశ్వరరావు, ఇంకా రాలేదు. క్రిస్టినాకి పొద్దుట్నుంచీ కాలు నిలవడం లేదు.

“ఎర్ర లైటు మీద టేపు అంటించావా?”

“అంటించానక్కా. ఇందాకా అడిగావు, ఇందాకా చెప్పాను.”

“గట్టిగా అంటించు జాన్ పాల్. పిసరు కూడా కనపడకూడదు.”

“ఇంటర్వ్యూ అంటే ఎవరికైనా అంటిస్తాంగా. కెమెరా నడుస్తోందని చెప్పే ఆ లైటు వెలుగుతుంటే జనం దాన్నే చూస్తూ బిగుసుకుపోతారు. నువ్వేంటి ఇవాళ కొత్తగా?”

“నేను కట్ అనే దాకా రికార్డింగ్ ఆపకు. ఎవరేమన్నా సరే.”

“అదెప్పుడూ ఉన్నదేగా.”

“ఎప్పుడూ ఉన్నదే. ఇవాళ ఇంకా గట్టిగా ఉండాలి. కట్ అన్న మాట నా నోట్లోంచే రావాలి.”

“అక్కా, ఒక మాటంటే తిట్టవుగా? రేపు ఆయనకి సన్మానం. ఆయన గురించి తీస్తున్న ఈ ఫిలిం అక్కడ స్టేజీ మీద వేస్తారు. పొగుడుతూ తీయమని నీకు పనిచ్చారు. నీ మొహం చూస్తే పొగిడేలా లేదు.”

“మల్లేశ్వరరావు గారి వరద సినిమా చూశావా?”

“చూడనోడెవడు? పడవ బోల్తా పడ్డాక నీళ్లలోంచి చెయ్యి లేస్తుంది చూడు, అబ్బా! మాకు కాలేజీలో ఆ షాటే పాఠంగా చెప్పారు.”

“ఆ చెయ్యి మా నాన్నది.”

“ఏంటీ?”

“మా నాన్న శౌరయ్య. అవనిగడ్డ దగ్గర లంకలో పడవ నడిపేవాడు. హీరోకి ఈత రాదని ఆయన బట్టలు మా నాన్నకి తొడిగారు. బూట్లతో సహా. కృష్ణలోకి తోశారు. మళ్లీ శవమే తేలింది. తాగొచ్చి నీళ్లలో దిగాడని మర్నాడు పేపరోళ్లకి చెప్పాడీయన. మందు వాసనంటేనే పడని మనిషిని పట్టుకుని!”

“అయ్యో...”

“ఊరంతా నమ్మింది. మా అమ్మ చర్చిలో ముందు బెంచీ వదిలేసి వెనక గోడ పక్కకి చేరింది. ఇప్పటికీ అక్కడే కూర్చుంటుంది. సమాధుల పండక్కి చనిపోయినవాళ్ల పేర్లలో నాన్న పేరు చదివితే చాలు, ఎవడో ఒకడు పక్కోడి డొక్కలో పొడుస్తాడు.”

“ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదక్కా?”

“చెబితే ఆయన మొహం మామూలుగా చూడగలవా? శౌరయ్య తాగలేదు అన్న మాట ఆయన నోటితో రావాలి. కెమెరా ముందు రావాలి. నాకింకేం అక్కర్లేదు.”

“ఎందుకు చెబుతాడు? పిచ్చా ఆయనకి?”

“నేనూ డైరెక్టర్నేగా. రప్పిస్తాను.”

“లిఫ్టు చప్పుడైంది. వచ్చేసినట్టున్నాడు.”

“మొహం సర్దుకో. రండి సార్, రండి! నమస్కారమండీ! దా దా, జాన్ పాల్, సార్‌కి మైకు పెట్టు.”

సిల్కు చొక్కా నలగకుండా పెద్దాయన కుర్చీలో కుదురుకున్నాడు. కాలరుకి మైకు. ఎదురుగా క్రిస్టినా, ఆమె పక్కన కెమెరా.

“లైటు ఎడమ వైపుకి జరుపు అమ్మాయ్. నా ముక్కు కుడికి వంకర.”

“జరిపాం సార్. ఇప్పుడు బాగుందాండీ?”

“ఆఁ. ఇదేం కెమెరా, టిఫిన్ డబ్బాలా ఉంది! మా రోజుల్లో తిరుగుతుంటే గరగరమని మోగేది. నడుస్తోందో ఆగిందో గది బయటోడికి కూడా తెలిసేది. ఇవి నోరెత్తవు.”

“రోలింగ్ సార్. మీ సెట్‌లో క్రమశిక్షణ గురించి ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు.”

“కథలేంటి, నిజాలే! నా సెట్‌లో కట్ అన్న మాట నా సొత్తు. నిర్మాత అనడానికి లేదు, హీరో అనడానికి లేదు. ఒకసారి హీరోయిన్‌కి కాల్లో గాజుపెంకు దిగి కేకలేస్తుంటే మా అసిస్టెంటు ఫ్రేములోకి పరిగెత్తాడు. కట్ వినకుండా! ఆ పూటే బస్సెక్కించాను. అంతే, ఆ తర్వాత ఎవడూ కదల్లేదు.”

“ప్రాణం మీదికొచ్చినా?”

“సినిమా అంటే అదేనమ్మాయ్. మీకు అర్థం కాదు.”

“నటుల దగ్గర నిజం ఎలా రాబట్టేవారు సార్? అందరూ అడిగే ప్రశ్నే.”

“ఏముంది, రెచ్చగొట్టడమే! వాడు దేన్ని చూసుకుని మురిసిపోతాడో సరిగ్గా దాని మీద కొట్టాలి. ఒళ్లు మండి, నేర్చుకున్న డైలాగు మర్చిపోయి లోపలిది కక్కేస్తాడు. గుర్తుపెట్టుకో, పనికొస్తుంది.”

“గుర్తుంటుంది సార్. ఇప్పుడు ఆ చెయ్యి షాట్ గురించి...”

“హహ! అడక్కుండా ఎట్లా ఉంటావులే. ఆ షాట్‌కి ఎన్ని రిహార్సల్స్ చేశామో! ప్రతి వేలూ ఎట్లా పెట్టాలో నేనే చూపించాను. చూశావా, చిటికెన వేలు కాస్త వంకరగా ఉంటుంది? అది నా ఆలోచనే.”

“చిటికెన వేలు వంకర... మీరు పెట్టించారా?”

“మరి? ఊరికే వచ్చేస్తాయా అట్లాంటివి?”

“అవునవును. ఆ డూప్ చనిపోయాడని విన్నాం సార్.”

“అది వాడి ఖర్మ. తాగొచ్చాడు. షాట్ అయిపోయి అందరం సర్దుకుంటుంటే వాడే మళ్లీ దిగాడు. ఈ ముక్క తీసెయ్, సన్మానంలో చావు కబుర్లెందుకు?”

“తాగడం మీరు చూశారా సార్?”

“వాసనొచ్చిందిగా! ఏంటమ్మాయ్, పోలీసులా అడుగుతున్నావ్? తర్వాతి ప్రశ్న.”

“సారీ సార్. తర్వాతిది... ఎలా అడగాలో తెలియట్లేదు. పోనీలెండి, వదిలేద్దాం.”

“అడుగు, ఫర్వాలేదు. నా దగ్గర మొహమాటమేంటి?”

“అసలు ఆ షాట్ మీది కాదంటున్నారు సార్.”

“ఎవడు? ఎవడన్నాడు?”

“మీ కెమెరామన్ వెంకటప్పయ్య గారు. పోయే ముందు ఎక్కడో చెప్పారట. మీరు భయపడి ఆపేద్దామన్నారట, ఆయనే తెగించి కెమెరా తిప్పారట. సన్మానం కమిటీవాళ్లు ఆ మాట కూడా ఫిలింలో పెట్టమంటున్నారు.”

“వెంకటప్పయ్యా! వెంకటప్పయ్య తెగించాడా! కట్! కట్ కట్ కట్! ఆపండయ్యా ఈ గోల!”

“సార్, కోప్పడకండి...”

“ఆపమన్నానా! ఏమయ్యా కెమెరా అబ్బాయ్, వినపడలా?”

“జాన్ పాల్, నువ్వెళ్లి సార్‌కి కాఫీ పట్రా.”

“మరి ఇది...”

“వెళ్లవయ్యా బాబూ. నేనున్నానుగా.”

“సరేనక్కా.”

“చెప్పండి సార్. ఏం జరిగింది?”

“విను. ఇది జనం కోసం కాదు, నీకు తెలియాలని చెబుతున్నా. ఆపబోయింది వాడు! పిరికి వెధవ, స్విచ్చి మీద చెయ్యేశాడు. ‘సార్, ఇబ్బందైతే చెయ్యెత్తమన్నాం కదా, ఎత్తాడు, ఆపేద్దాం’ అని ఒకటే వణుకు. వాడి మణికట్టు పట్టుకుని ‘తిప్పరా’ అన్నది నేను! గట్టు మీద ఈతగాళ్లు నా నోటి వంకే చూస్తున్నారు, కట్ అంటే దూకుదామని. నేను అనలేదు. సాయంత్రపు ఎండ, ఎర్రటి వరదనీళ్లు, మధ్యలో ఆ చెయ్యి! మళ్లీ దొరుకుతుందా? ‘బాగుంది, రానీ, ఇంకాస్త రానీ’ అన్నాను. ఇప్పుడు చెప్పు, షాట్ ఎవరిది?”

“మీదే సార్.”

“అదీ!”

“మరి ఆ రిహార్సల్స్?”

“రిహార్సలూ లేదు, గాడిదగుడ్డూ లేదు.”

“తాగాడన్నది?”

“ఎవడు తాగాడు? షాట్‌కి ముందు ఇసకలో మోకాళ్లేసుకుని ప్రార్థన చేసుకున్నాడు. టీ ఇస్తే అదీ వద్దన్నాడు. బూట్లు విప్పుతాను, నీళ్లు నిండితే కాళ్లాడవు అన్నాడు. ఫ్రేములో పడతాయి, ఉంచుకోమన్నాను. పోయాడు. ఏదో ఒకటి చెప్పాలిగా అమ్మాయ్? సినిమా ఆగిపోయేది. కోట్ల మీద పని.”

“ఆయన పేరేంటి సార్?”

“ఎవరికి గుర్తు?”

“శౌరయ్య.”

“ఆఁ, శౌరయ్యే. నీకెట్లా తెలుసు?”

“ఆ చిటికెన వేలు లంగరు గొలుసులో పడి నలిగింది సార్, మీ సినిమాకి చాలా ముందే. నన్ను బడికి తీసుకెళ్లేటప్పుడు ఆ వేలే పట్టుకోమనేవాడు. నా చేతికి సరిగ్గా సరిపోయేది.”

“నువ్వు... ఎవరమ్మా నువ్వు?”

“క్రిస్టినా. శౌరయ్య కూతుర్ని.”

“కెమెరా... ఆపారుగా? నేను కట్ చెప్పాను. చెప్పానా లేదా?”

“చెప్పారు సార్. కానీ ఈ సెట్‌లో ఆ మాట నా సొత్తు.”

“ఆ టేపు కింద...”

“వెలుగుతూనే ఉంది.”

“మోసం! ఆ వెంకటప్పయ్య మాటలు—”

“ఎక్కడా అనలేదు సార్, పాపం పెద్దమనిషి. మురిసేదాని మీద కొట్టమన్నారుగా మీరు? కొట్టాను.”

“రేపు వేస్తావా? అంతమంది ముందు? వద్దమ్మా! మా మనవరాలు వస్తోంది. నన్ను చూసి సినిమాల్లోకి వస్తానంటోంది అది. దానికి చూపించకు.”

“మా అమ్మ ఆదెమ్మ కూడా వస్తోంది సార్. ముందు వరసలో కూర్చోబెడతాను. చాలా ఏళ్లయింది ముందు కూర్చుని.”

“నీకు దణ్ణం పెడతా. కట్ చెప్పు. చెప్పమ్మా! ఏదోలా ఉంది నాకు... ఇక్కడ, ఛాతీలో... పట్టేస్తోంది... నీళ్లు...”

“అక్కా, కాఫీ... అమ్మో! సార్‌కేమైంది?”

“కెమెరా ముట్టుకోకు జాన్ పాల్.”

“చెమటలు కారిపోతున్నాయక్కా! చెయ్యెత్తుతున్నాడు చూడు! పిలుస్తున్నాడు!”

“కనపడుతోంది.”

“నటన కాదక్కా అది!”

“ఆ రోజు కూడా కాదు.”

“అక్కా! ఆపేద్దాం, నీకు పుణ్యముంటుంది!”

“నేను కట్ చెప్పానా? బాగుంది. రానీ. ఇంకాస్త రానీ...”

“అక్కా, ఇటు చూడు. నా మొహం చూడు. నేను ఫ్రేములోకి వెళ్లనా, వద్దా? ఆ ఒక్కటీ చెప్పు!”

“కట్! వెళ్లు, పట్టుకో ఆయన్ని! చొక్కా గుండీలు విప్పు, మంచినీళ్లు పట్టించు, కింద కారు తీయమని నేను చెబుతా. మల్లేశ్వరరావు గారూ, ఊపిరి తీసుకోండి, ఆసుపత్రి పక్కనే ఉంది, మీకేం కాదు. నా మాట వినపడుతోందా? కట్ చెప్పేశాను సార్. చూశారా, ఎంత చిన్న మాటో? ఆ రోజు మా నాన్న చెయ్యెత్తి అడిగింది కూడా ఇంతే.”