వదిన కుట్టిన సంచి

షూటింగ్ రేంజి పక్కన చిన్న గది. రేపటి ఎంపిక పోటీలో ఉన్నది ఒక్కటే చోటు, దానికి వదినా ఆడపడుచులిద్దరూ బరిలో ఉన్నారు. గురి కదలకుండా భుజానికి ఆనే రైఫిల్ బట్ కింద పెట్టుకునే సంచుల్ని జట్టందరికీ కుట్టేది వదినే.

“ఇది వద్దు వదినా. రాయిలా ఉంది. ఎంత నొక్కినా బట్ వెంట్రుకవాసి కదలట్లేదు.”

“ఇందాక మెత్తగా ఉందని ఏడ్చావ్.”

“అది ఆ నల్లది, ప్లాస్టిక్ పూసలది. బట్ పెడితే జారిపోతోంది.”

“అయితే ఈ ఇసుకది తీసుకో. ముప్పాతికే నింపాను. పిడికిలి బిగిస్తే బట్ లేస్తుంది, వదిలితే దిగుతుంది. ఇంకేం కావాలమ్మాయ్ నీకు?”

“తెగని కుట్టు కావాలి.”

“మళ్ళీ మొదలెట్టావూ?”

“మొదలెట్టక? పోయినేడు సరిగ్గా పదో గుండుకి సంచి చిరిగి ఇసుకంతా నా మోచేతి మీద పడింది. గురీ పోయింది, చోటూ పోయింది. ఆ చోటు ఎవరికొచ్చింది?”

“నిండా కూరమని ప్రాణం తీసింది నువ్వు. కుట్టు తట్టుకోదు, కాస్త వదులుంచుదామంటే విన్నావా?”

“ఆహా! తప్పు నాదే!”

“నీదే. మీ అన్నయ్య కూడా అదే—”

“అన్నయ్య మాటెత్తకు. నాకు రైఫిల్ పట్టడం నేర్పింది ఆయన. నువ్వొచ్చాక నా వెనక నిలబడి చూడ్డం కూడా మానేశాడు.”

“దానికి నేనేం చెయ్యను? నోరు అదుపులో పెట్టుకో.”

“నువ్వు చేతులు అదుపులో పెట్టుకో. మళ్ళీ కత్తెర ఆడించావంటే ఊరుకోను.”

“కత్తెరా? నేనా? ఏడాదిగా ఇది కడుపులో పెట్టుకుని నా చేతి అన్నం తిన్నావా?”

“తిన్నాను. గొంతు దిగకపోయినా తిన్నాను.”

“ఓహో. అయితే ఇటు చూడు. ఇది నా సంచి, నాలుగేళ్ళుగా నేను వాడుతున్నది. రేపు ఇది నువ్వు పెట్టుకో. నీకని కుట్టింది నేను పెట్టుకుంటా. చాలా?”

“...అక్కర్లేదు.”

“ఏం?”

“అక్కర్లేదన్నాగా.”

“నా సంచిని నేనే పాడుచేసుకోను కదా? ఇంతకంటే నమ్మకం ఏముంటుంది? పట్టుకో.”

“వద్దు వదినా. ఆ ఇసుకదే ఇవ్వు. అదే బావుంది.”

“ఇప్పుడు బావుందా? ఇందాకటిదాకా నన్ను దొంగని చేసి, ఇప్పుడు బావుందా? పట్టుకోమంటే!”

“వద్దంటుంటే! దాన్ని అక్కడ పెట్టెయ్.”

“ఏంటా భయం? పాముందా ఇందులో? చూడు, నొక్కితే ఎంత చక్కగా—”

“నొక్కకు! నొక్కకు వదినా... అడుగు కుట్టు కత్తిరించి రెండు పోగులే ఉంచాను.”