అంగిట్లో మర

దంతవైద్యురాలి కుర్చీలో తొమ్మిదేళ్ల పాప నోరు తెరిచి పడుకుంది. పక్కన తండ్రి నిలబడలేక నిలబడ్డాడు.

“తాళంచెవి ఎవరి దగ్గరుంటుందండీ?”

“చెవి బాగానే ఉంది డాక్టరుగారూ! ముందుపళ్ల మధ్యే ఇంత సందు పడింది.”

“అంగిట్లో పెట్టిన మరకి నేనిచ్చిన బుల్లి తాళంచెవి సంగతండీ! రోజుకోసారి తిప్పితే పైదవడ వెడల్పవుతుంది. సందు రావాల్సిందే. కానీ పది రోజులకి రెండున్నర మిల్లీమీటర్లు రావాలి, ఐదొచ్చింది!”

“నేను రోజూ పొద్దున ఒక్కసారే తిప్పానండీ. ఒట్టు!”

“మరి సాయంత్రం?”

“సాయంత్రం నేను డ్యూటీలో... అయ్యో, మా అత్తగారు! అల్లుడికి మతిమరుపని ఆవిడ నమ్మకం. పిల్లకేమైనా అవుతుందా?”

“ఏం కాదు. కొందరికి రోజుకి రెండుసార్లు మేమే తిప్పిస్తాం. కోరపళ్లకి చోటొచ్చేసింది, ఇక పళ్లు పీకే పనిలేదు. తిప్పడం ఆపేయండి, ఎముక గట్టిపడనిద్దాం. సందు మెల్లగా మూసుకుంటుంది.”

“మీరు చల్లగా ఉండాలి తల్లీ! పీకాలంటారేమోనని పది రోజులుగా నాకు ముద్ద దిగలేదు. అత్తగారిని ఇన్నాళ్లూ పంటికింద రాయనుకున్నా, పంటికి చోటిచ్చిన మహాతల్లి!”

అతను తలుపు తీసి, బయట కూర్చున్న భార్యకీ అత్తగారికీ జరిగిందంతా చెప్పాడు. అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు.

“ఇద్దరం తిప్పుతుంటే చెప్పవేమే?”

పాప కుర్చీ దిగింది.

“తిప్పినప్పుడల్లా నాన్నో కథ, నువ్వో కథ చెప్తున్నారుగా అమ్మమ్మా. చెప్తే ఒకటి పోదూ?”